కుంచె మొన

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో సూక్ష్మచిత్రాల ముందు కాసేపు నిలబడితే, ఎవరో ఒకరు పక్కవాళ్ళతో అనడం వినపడుతుంది: "ఇవన్నీ ఒక్క వెంట్రుక కుంచెతో వేసినవి, తెలుసా?" వినడానికి బావుంటుంది. నవాబుగారి గడ్డంలో పోచ పోచా విడిగా కనిపిస్తుంటే నమ్మబుద్ధీ అవుతుంది. కానీ ఒక్క వెంట్రుకని పుల్లకి కట్టి రంగులో ముంచి చూడండి. దానిమీద రంగు నిలవదు. నిలిచిన కాస్తా కాగితానికి తగలగానే ఒక చుక్కగా దిగిపోతుంది. ఆ చుక్క గీతగా సాగాలంటే వెనకనుంచి రంగు అందుతూ ఉండాలి. ఒక్క వెంట్రుక వెనక అందించడానికి ఏముంటుంది?

ఆ చిత్రకారులు నిజంగా వాడింది ఒక్క వెంట్రుకతో ముగిసే కుంచె. ఉడుత తోక వెంట్రుకల్ని సన్నటి కట్టగా కట్టి, అన్నిటికన్నా ముందుకి ఒకటి వచ్చేలా అమర్చుకునేవాళ్ళు. కట్ట నడుమ రంగు నిలుస్తుంది. కొసనున్న పోచ ఆ రంగుకి దారి చూపిస్తుంది. మొదటిదాన్ని పొట్ట అందాం, రెండోదాన్ని మొన అందాం. పొట్ట లేని మొనతో గీత సగంలో ఎండిపోతుంది. మొన లేని పొట్టతో గీత మరకైపోతుంది.

సన్నపని చేసే కుంచె చరిత్ర అంటే ఈ రెండిటినీ ఒకచోట కూర్చడానికి మనుషులు పడ్డ తంటాలే. ఏ జంతువు వెంట్రుక, ఒంటిమీద ఎక్కడి వెంట్రుక, ఎలా కట్టాలి అని వెయ్యేళ్ళు అడుగుతూ వచ్చాం. ఆ జంతువు ఏమైపోయింది అన్న ప్రశ్న మాత్రం మొన్నమొన్ననే మొదలైంది.

దూడ చెవి, మేక పొట్ట, ఉడుత తోక

కళ్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసం అనే పెద్ద సంస్కృత గ్రంథం రాయించుకున్నాడు, లేదా తానే రాశాడు. రాజు అన్నవాడికి తెలియాల్సినవన్నీ అందులో ఉన్నాయి: ఏనుగులు, వంటలు, ఆటలు, పాటలు. చిత్రలేఖనం కూడా ఉంది. గోడని ఎలా నున్నగా చెయ్యాలి, గేదె తోలు ఉడకబెట్టి జిగురు ఎలా తియ్యాలి, ఆ తర్వాత కుంచె. దూడ చెవి దగ్గరి మెత్తటి వెంట్రుకల్ని లక్కతో పుల్లకి అంటించమంటుంది. రాజుగారి పుస్తకం కుంచె తయారీ దాకా దిగి మాట్లాడటం చూస్తే, ఆనాటికి అది పనివాడి సొంత గొడవగా మాత్రమే లేదనిపిస్తుంది.

తర్వాత నాలుగు వందల ఏళ్ళకి కేరళలో శ్రీకుమారుడు రాసిన శిల్పరత్నం ఈ విషయాన్ని ఒక పద్ధతిలో పెట్టింది. కుంచెలు మూడు రకాలు: లావు, మధ్యరకం, సన్నం. లావుదానికి దూడ చెవి వెంట్రుక, మధ్యరకానికి మేక పొట్ట కింది వెంట్రుక, సన్నదానికి చిక్రోడం తోక వెంట్రుక. చిక్రోడం అంటే ఉడుత. ప్రతి రకంలోనూ మళ్ళీ మూడు సైజులు. అంటే ఒక్కో రంగుకి తొమ్మిది కుంచెలు. ఐదు రంగులతో పనిచేసేవాడి పక్కన నలభై అయిదు కుంచెలు ఉండాలన్నమాట! నిజంగా అన్నీ పెట్టుకునేవాళ్ళా అన్నది వేరే సంగతి. ఒక రంగులో ముంచిన కుంచెని ఇంకో రంగులో ముంచకూడదన్న పట్టింపు మాత్రం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. నల్లగీత కుంచెలో రవ్వంత పసుపు మిగిలినా కంటి రెప్ప గీత చెడిపోతుందని తెలిసినవాళ్ళు పెట్టుకున్న లెక్క అది.

ఉడుత తోకే ఎందుకు? ఉడుత తోక వెంట్రుక సన్నగా, మెత్తగా ఉంటుంది. నీళ్ళు బాగా పీలుస్తుంది. చివరికి వచ్చేసరికి సూదిలా సన్నబడుతుంది. దానికి ఒక లోపం కూడా ఉంది: వంచితే వంగిపోతుంది గానీ చటుక్కున లేవదు. రాజస్థాన్ సూక్ష్మచిత్రకారులు ఆ లోపాన్నే వాడుకున్నారు. వెంట్రుకల్ని పావురం ఈక గొట్టంలో దూర్చి, మొన కాస్త ఒకవైపుకి వంపు తిరిగి ఉండేలా చూసుకుంటారు. ఆ వంపు వల్ల చెయ్యి అట్టే కదపకుండానే మొన కాగితాన్ని తాకుతుంది.

తెలుగువాళ్ళకి ఉడుత అనగానే వారధి దగ్గరి ఉడుతాభక్తి గుర్తొస్తుంది. రాముడి వేళ్ళు దాని వీపుమీద మూడు గీతలు గీశాయి. దాని తోక మన చిత్రకారుల చేతుల్లో ఎన్ని గీతలు గీసిందో లెక్కలేదు.

చిన్న తోక

ఇదే పనిని ఇటలీలో ఎలా చేసేవాళ్ళో చెన్నీనో చెన్నీని రాసిపెట్టాడు. ఆయన సుమారు 1400 ప్రాంతంవాడు. చిత్రకారుడి చేతిపుస్తకంలాంటిది ఒకటి రాశాడు. అందులోనూ సన్నకుంచెకి ఉడుత తోకే. వెంట్రుకల్ని తడిపి, సమానంగా పేర్చి, చిన్న చిన్న కట్టలు చేసి, కట్ట లావుని బట్టి రాబందు ఈక, బాతు ఈక, కోడి ఈక, పావురం ఈక గొట్టాల్లో దూర్చమంటాడు. సైజు నంబర్లు లేని కాలంలో పక్షులే నంబర్లు. పావురం సైజు కావాలంటే అందరికీ అర్థమయ్యేది. జైపూర్‌లోనూ పావురం ఈకే, ఫ్లోరెన్స్‌లోనూ పావురం ఈకే. ఒకరిని చూసి ఒకరు నేర్చుకోనక్కర్లేదు. సన్నటి, తేలికైన, తడికి పాడవని గొట్టం ఇద్దరి ఇంటి చూరుమీదా వాలుతూనే ఉంది.

లావు కుంచె గురించి ఆయన చెప్పింది ఇంకా బావుంటుంది. దానికి పంది వెంట్రుక కావాలి, నల్లపంది కన్నా తెల్లపందిది మేలు. అయితే తెచ్చిన వెంటనే బొమ్మకి పనికిరాదు, మరీ మొరటు. అందుకని ముందు దాన్ని పెద్ద కర్రకి కట్టి గోడలకి సున్నం వెయ్యమంటాడు. సున్నం వేసి వేసి వెంట్రుక మెత్తబడ్డాక, ఆ కట్ట విప్పి చిన్న కుంచెలుగా కట్టుకోవాలి. గోడ దగ్గర చాకిరీ చేసిన వెంట్రుకకే బొమ్మ దగ్గరికి ప్రవేశం.

భాష కూడా ఈ చరిత్రని దాచుకుంది. ఇవాళ మనం పెన్సిల్ అంటే గ్రాఫైట్ పుల్ల. ఆ మాట మొదట్లో సన్నకుంచెకే పేరు. దాని మూలం లాటిన్‌లో 'చిన్న తోక' అనే అర్థమున్న పెనికిల్లుస్. మాట ఉడుత తోక దగ్గర పుట్టి, కుంచె మీదుగా వచ్చి, చివరికి వెంట్రుకే లేని వస్తువు దగ్గర స్థిరపడింది. మనవైపు కలం అనే మాటది అలాంటి ప్రయాణమే. పారసీకంలో కలం రాసేదీ అవుతుంది, బొమ్మ గీసేదీ అవుతుంది. అందుకే కాంగ్రా శైలి చిత్రాల్ని కాంగ్రా కలం అంటారు, మన అద్దకం కలంకారీ అయింది.

చెక్కమీద ఒకటి, గుడ్డమీద ఒకటి

శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడి చేతిలో ఉండేది కుంచె కాదు గానీ, కుంచె ఎలా పనిచేస్తుందో దానంత బాగా ఇంకేదీ చెప్పదు. వెదురు పుల్లని ఒకవైపు కోసుగా చెక్కుతారు. కొసకి కాస్త పైన ఉన్నిగానీ గుడ్డగానీ ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండని కసిమిలో ముంచుతారు. ఇనప ముక్కల్ని బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి చేసే నల్లరంగు అది. గీత గీస్తున్నప్పుడు వేళ్ళతో ఉండని కొద్దికొద్దిగా నొక్కుతుంటే రంగు కోసుకి దిగుతుంది. పొట్ట, మొన రెండూ విడివిడిగా కళ్ళెదుట ఉంటాయి. ఉడుత తోకలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి, అంతే.

చేర్యాలలో నకాషీ చిత్రకారులు పటం వేసేది గుడ్డమీద. ఖాదీ గుడ్డకి సుద్ద, చింతగింజల అంబలి, తుమ్మజిగురు కలిపి పూతలు పూతలుగా పూస్తారు. ఆరాక అది దాదాపు కాన్వాసులా గట్టిపడుతుంది. దానిమీద ఎర్రటి నేల, ఆ నేలమీద గళ్ళు గళ్ళుగా కథ. పద్మశాలీల మార్కండేయ పురాణం లాంటి కులపురాణాలు ఈ పటాలమీదే ఊరూరా తిరిగాయి. కథ చెప్పేవాడు పటం విప్పి, కర్రతో చూపిస్తూ రాత్రంతా పాడతాడు. అంటే దూరంగా కూర్చున్న ముసలాయనకి కూడా మార్కండేయుడెవరో యముడెవరో తెలియాలి. అది నల్లగీతల పని. వంకీలు, కనుగుడ్లు, చీరంచు చుక్కలు. అక్కడ సంప్రదాయంగా ఉడుత వెంట్రుక కుంచెదే రాజ్యం.

కొండపల్లి బొమ్మది ఇంకో సమస్య. తెల్లపొణికి చెక్కని చెక్కి, చేతులూ కాళ్ళూ విడిగా చేసి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. దానిమీద సున్నం పూత, ఆ పైన రంగులు. ఇక్కడ మేక వెంట్రుక కుంచెలు వాడేవాళ్ళు. సున్నం పూసిన చెక్క రంగుని గుటకేసినట్టు పీల్చేస్తుంది. అది చదునుగానూ ఉండదు. చెక్కిన చోట గుంట, ముక్కు దగ్గర గుట్ట, తలపాగా మడతలో సందు. మెత్తటి పొడుగు కుంచె గుంటలోకి దిగబోయి గట్టుమీద రంగు పూసేస్తుంది. గుంట అడుగుని వెతుక్కుని అక్కడే ఆగగలిగే పొట్టి కుంచె కావాలి. ఇంకో తేడా కూడా ఉంది. గుడ్డమీద చెయ్యి కదులుతుంది. బొమ్మమీద కుంచె పట్టిన చెయ్యి దాదాపు నిలకడగా ఉండి, ఎడమచేతిలో బొమ్మ తిరుగుతుంది. మీసం గీత కుంచె గీసిందా, బొమ్మ గీయించుకుందా అనిపిస్తుంది.

అందుకని 'మంచి కుంచె ఏది' అనే ప్రశ్నకి ఒక్క జవాబు ఎప్పుడూ లేదు. దేనిమీద, ఏ రంగుతో, ఏ గీతకి అని అడిగాకే జవాబు మొదలవుతుంది. కుంచెని చేసుకునేవాడూ వాడేవాడూ ఒకడే అయినంతకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

నంబరు 7

19వ శతాబ్దంలో కుంచె అంగడి సరుకైంది. ఈక గొట్టం స్థానంలో లోహపు పట్టీ వచ్చింది. లోహాన్ని నొక్కి చదును చెయ్యొచ్చు కాబట్టి మొదటిసారిగా చదునైన కుంచెలు విరివిగా తయారయ్యాయి. యూరప్ తైలవర్ణ చిత్రాల్లో ఇటుక ముక్కల్లాంటి పలక పలక రంగు కనబడుతుందే, దాని వెనక ఈ రేకు పట్టీ ఉంది. సన్నకుంచెకి కూడా లోహం గట్టి పట్టునిచ్చింది.

లండన్ కంపెనీ విన్సర్ అండ్ న్యూటన్‌కి 1866లో విక్టోరియా రాణి దగ్గర్నుంచి ఆర్డరు వచ్చింది: నీటిరంగులకి మీరు చెయ్యగలిగినంత మేలైన కుంచెలు చెయ్యండి అని. రాణిగారు స్వయంగా నీటిరంగులు వేసేది. దంతపు పిడి, వెండి పట్టీ, కోలిన్‌స్కీ వెంట్రుక. ఆమెకి ఇష్టమైన సైజు 7 కాబట్టి ఆ వరసకి సిరీస్ 7 అనే పేరొచ్చింది. ఇప్పటికీ అమ్ముతున్నారు.

కోలిన్‌స్కీ అంటే సైబీరియా, ఈశాన్య చైనా చలిలో తిరిగే ఒక వీజెల్. ముంగిసకి దూరపు చుట్టంలా కనపడే సన్నటి, పొడుగాటి జంతువు. దాని తోక వెంట్రుకలో ఉడుతకి లేని గుణం ఉంది. నడుమ లావు, కొస సన్నం, వంచితే వెంటనే లేచి నిలబడుతుంది. పొట్ట, మొన, వాటికి తోడు స్ప్రింగు. తయారీలో ఒక్క నియమాన్ని ప్రాణంలా చూసుకుంటారు: వెంట్రుక కొసని ఎప్పుడూ కత్తిరించరు. కొసలన్నీ కలిసి మొన అయ్యేలా చేత్తో పేర్చి, పొడుగు ఎక్కువైతే మొదలు వైపు కోస్తారు. కత్తిరించిన కొస మొద్దు, పుట్టిన కొస సూది. ఎంత మంచి వెంట్రుకైనా కత్తెర పడిందంటే మాములు కుంచే.

అయితే అంగడికి వచ్చాక కుంచె గురించిన జ్ఞానం చేతిలోంచి చీటీ మీదకి మారింది. చీటీ అబద్ధాలాడగలదు. 'కామెల్ హెయిర్' అని రాసి అమ్మే కుంచెల్లో ఒంటె వెంట్రుక ఉండదు. ఉడుతదో, మేకదో, గుర్రానిదో, వాటి కలగాపులగమో ఉంటుంది. సైజు నంబర్లు కూడా అంతే. ఒక కంపెనీ 2, ఇంకో కంపెనీ 2 ఒకటి కావాలని ఎక్కడా లేదు. చెన్నీని కాలపు పావురం ఈక వీటికన్నా నిజాయితీ గల కొలత!

ముంగిస

మన దేశంలో కోలిన్‌స్కీ ఖరీదు అందరికీ అందేది కాదు. ఆ ఖాళీని ముంగిస నింపింది. ముంగిస వెంట్రుక బిరుసుగా, స్ప్రింగుతో ఉంటుంది, మొన బాగా నిలుస్తుంది, చిక్కటి తైలవర్ణాన్ని మొయ్యగలదు. కాన్వాసు మీద సన్నపనికి అంతకన్నా ఏం కావాలి? దశాబ్దాల తరబడి ఆర్ట్ కాలేజీల విద్యార్థులూ, పేరున్న చిత్రకారులూ అవే వాడారు. చాలామందికి తమ చేతిలో ఉన్నది ఏ జంతువో తెలియదు.

ముంగిసని పెంచి వెంట్రుక తీసే ఫారాలు లేవు. చంపాల్సిందే. ఒక ముంగిస ఒంటిమీద కుంచెకి పనికొచ్చే వెంట్రుక కొద్ది గ్రాములే. కిలో వెంట్రుకకి సుమారు 50 ముంగిసలు కావాలని వన్యప్రాణి సంరక్షణ సంస్థలు లెక్కగట్టాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముంగిసని వేటాడటం, దాని వెంట్రుకతో వ్యాపారం చెయ్యడం నేరం. అయినా సాగింది. 2019లో వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో దేశంలో చాలాచోట్ల ఒకేసారి సోదాలు చేస్తే 50 వేలకి పైగా కుంచెలు, 100 కిలోలకి పైగా ముడి వెంట్రుకలు దొరికాయి. వంద కిలోలంటే పై లెక్కన అయిదు వేల ముంగిసలు.

పంచతంత్రంలో ముంగిస కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. ఉయ్యాల్లో పసివాణ్ణి పాము బారినుంచి కాపాడి, మూతికి నెత్తురుతో గుమ్మంలోకి ఎదురొచ్చిన ముంగిసని తల్లి తొందరపడి చంపేస్తుంది. నిజం తెలిశాక ఏడుస్తుంది. ఆ కథకి బొమ్మలు వేసిన చిత్రకారుల్లో ఎంతమంది చేతిలో ముంగిస వెంట్రుక కుంచె ఉండి ఉంటుందో!

కోలిన్‌స్కీ విషయంలో కూడా చేతులు దులుపుకోవడానికి లేదు. ఆ వీజెల్ మన హిమాలయాల్లోనూ ఉంది. భారత్ కోరిక మీదే అది అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటీస్ మూడో అనుబంధంలో చేరింది. సరిహద్దులు దాటే ప్రతి కోలిన్‌స్కీ కుంచె వెనకా ఇప్పుడు కాగితాలు ఉండాలి.

కొనేవాడి చేతిలో

ఇక్కడ నైలాన్ ప్రస్తావన రావాలి. 1938లో నైలాన్ మొదట బజారుకి వచ్చింది మేజోళ్ళుగా కాదు, పళ్ళు తోముకునే బ్రష్షుగా. చాలాకాలం అది చిత్రకారులకి పనికిరాలేదు. పోచ మొదటినుంచి చివరిదాకా ఒకే లావు, మొన కుదరదు, నున్నగా ఉండటంతో రంగు జారిపోతుంది. తర్వాత తర్వాత పోచ కొసని సన్నం చెయ్యడం, ఒకే కట్టలో రకరకాల లావు పోచలు కలపడం నేర్చారు. ఇవాళ మంచి సింథటిక్ కుంచెకి మొన బాగా నిలుస్తుంది, స్ప్రింగు ఒక్కోసారి అసలుదానికన్నా ఎక్కువే. పొట్టలో మాత్రం ఇంకా కాస్త వెనకబాటు ఉంది. పల్చటి నీటిరంగుతో పొడుగు గీత గీసేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. అక్రిలిక్ రంగులకైతే సింథటిక్కే సరైనది. అక్రిలిక్ త్వరగా గట్టిపడి వెంట్రుక మొదట్లో పేరుకుంటుంది, సహజమైన వెంట్రుకని పాడుచేస్తుంది. ఇప్పుడు చెక్క బొమ్మలమీదా కాన్వాసుమీదా ఎక్కువగా పడుతున్నది అక్రిలిక్కే కాబట్టి, సన్నపని చేసే చాలామందికి జంతువు వెంట్రుక అవసరమే లేదు.

కుంచె కొనేటప్పుడు అందరూ చేసే పని అన్నిటికన్నా చిన్న నంబరు ఎంచుకోవడం. 000 అయితే సన్నగా గీయొచ్చు కదా అనుకుంటారు. దానికి పొట్ట ఉండదు. కనుబొమ్మ సగంలో ఉండగానే రంగు అయిపోతుంది, మళ్ళీ ముంచి వచ్చేసరికి అతుకు కనబడుతుంది. మొన బాగున్న 1 గానీ 2 గానీ దానికన్నా సన్నటి గీత, అదీ పొడుగ్గా గీస్తుంది. చెక్కడాల మీద పనికి పొట్టి వెంట్రుక గుండ్రటి కుంచె తీసుకోండి. కాన్వాసు మీద లతలకీ నగల దండలకీ పొడుగు వెంట్రుక కుంచె కావాలి. ఇంగ్లీషువాళ్ళు దాన్ని రిగ్గర్ అంటారు, ఓడల బొమ్మల్లో తెరచాప తాళ్ళు గీయడానికి పుట్టింది కాబట్టి. కాన్వాసు నేత ఆకురాయిలాంటిది, మొనని అరగదీస్తుంది. అందుకే ఖరీదైన కుంచెని మొదటి పూతలకి వాడకుండా చివరి గీతలకి దాచుకోవాలి.

షాపులో కొత్త కుంచె మొన చూసి మోసపోవద్దు. అది జిగురుతో నిలబెట్టిన మొన. నీళ్ళడిగి, జిగురు కరిగేదాకా తడిపి, ఒక్కసారి విదిలించండి. మొన దానంతటదే కూడుకోవాలి. రెండుగా చీలితే పక్కన పెట్టెయ్యండి. తడి కుంచెని గోరుమీద వంచి వదలండి, లేచి నిలబడాలి. పట్టీ దగ్గర పిడి కదలకూడదు, లాగితే పోచలు ఊడి రాకూడదు. ఆ తర్వాత చీటీ చదవండి. ఏ వెంట్రుకో రాసి లేకపోతే అడగండి. ముదురు గోధుమరంగు మొన, నడుమ లేత మీగడ చార ఉన్న అసలు వెంట్రుక అని చెప్పి, ఏ జంతువుదో మాత్రం చెప్పలేకపోతే అది ముంగిస కావచ్చు. అలాంటి చారలతో సింథటిక్ కుంచెలు కూడా వస్తున్నాయి కాబట్టి అడిగి తేల్చుకోవడమే మంచిది.

ఇంటికి తెచ్చాక దాన్ని గ్లాసులో తలకిందులుగా నిలబెట్టకండి. పని అయ్యాక సబ్బుతో కడిగి, వేళ్ళతో మొన దిద్ది, పడుకోబెట్టి ఆరనివ్వండి. అలా చూసుకుంటే మామూలు కుంచె కూడా చాలాకాలం కళ్ళూ మీసాలూ దిద్దుతుంది. మొన అరిగాక చీరల రంగు నింపుతుంది, ఆ తర్వాత నేల పూతకి పనికొస్తుంది. ఇలా పైనుంచి కిందకి దిగుతూ బతికే కుంచె ఎన్నాళ్ళు నడిస్తే, ఇంకో కుంచె కొనాల్సిన రోజు అంత దూరం జరుగుతుంది.